ఏళ్ల తరబడి ఇంటి సర్వర్‌గా రాస్‌బెర్రీ పై 4

రాస్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు) కొనాలనుకునేవారు ముందుగా ప్రాసెసర్ గురించి, ర్యామ్ గురించి అడుగుతారు. మా ఇంట్లో ఏళ్లుగా రాత్రింబవళ్లు నడుస్తున్న 4 జీబీ ర్యామ్ ఉన్న బోర్డును దగ్గర నుంచి చూసిన నేను వేరే సలహా ఇస్తాను: ముందు కరెంటు సంగతి, తర్వాత నిల్వ సంగతి తేల్చుకోండి. ఆ రెండూ కుదిరితే దీనంత నమ్మకమైన చిన్న యంత్రం అరుదు.

దీనికి అప్పగించిన పనులు మూడు, ఒక్కో పనికి ఒక్కో ప్రోగ్రామ్. పై-హోల్ ఇంట్లోని ఫోన్లకూ టీవీకీ వచ్చే ప్రకటనలను చాలావరకు అడ్డుకుంటుంది. సింక్‌థింగ్ ఫోన్లలోని ఫొటోలను తెచ్చి డిస్కులో చేరుస్తుంది. ఆ డిస్కును శాంబా ఇంట్లో అందరికీ అందిస్తుంది. 2019లో వచ్చిన ఈ బోర్డులోని నాలుగు కార్టెక్స్-ఏ72 రకం ప్రాసెసర్ కోర్లకు ఇది పెద్ద భారం కాదు. దీని ముందు తరమైన పై 3లో నెట్‌వర్క్ కేబుల్ పెట్టే ఈథర్‌నెట్, యూఎస్‌బీ పోర్టులు అన్నీ ఒకే యూఎస్‌బీ 2.0 దారిని పంచుకునేవి. ఇందులో గిగాబిట్ ఈథర్‌నెట్, యూఎస్‌బీ 3.0 విడివిడిగా ఉండటం వల్లే పెద్ద ఫైళ్లు ఇబ్బంది లేకుండా కదులుతున్నాయి.

ఇక కరెంటు. బోర్డుకు 5 వోల్టులు, 3 ఆంపియర్లు నికరంగా అందాలి. సన్నని కేబుల్ ఉన్న ఫోను ఛార్జర్ పెడితే మామూలుగా నడిచినట్టే ఉంటుంది, డిస్కు పని మొదలవగానే వోల్టేజి పడిపోతుంది. 4.63 వోల్టుల కంటే తగ్గితే ఆపరేటింగ్ సిస్టమ్ చిట్టా అయిన కెర్నల్ లాగ్‌లో హెచ్చరిక నమోదవుతుంది. తెర లేకుండా వాడేవారు ఆ లాగ్‌ను అప్పుడప్పుడు తప్పక చూడాలి. నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి 1.2 ఆంపియర్లే అందుతాయి కాబట్టి రెండు డిస్కులు పెట్టాలంటే సొంత కరెంటు ఉన్న హబ్ కావాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, సరఫరా మారే క్షణంలో బోర్డు రీస్టార్ట్ కావచ్చు. అందుకని 5 వోల్టుల మినీ యూపీఎస్ అవసరం. రౌటర్ల కోసం అమ్మే 12 వోల్టులది దీనికి నేరుగా పెట్టకూడదు.

నిల్వ విషయంలో ఎస్‌డీ కార్డును నేను గట్టిగా వద్దంటాను. మా మొదటి కార్డు విచిత్రంగా పాడైంది. ఫైలు మార్చితే మారినట్టే కనిపించేది, రీస్టార్ట్ చేయగానే పాత ఫైలే ఉండేది. లాగ్‌లూ డేటాబేసులూ ఆగకుండా రాస్తుంటే ఫ్లాష్ కణాలు అరిగిపోవడం సహజమే, కానీ ఇలా మౌనంగా పాడవడం చాలా ప్రమాదకరం. 2020లో బోర్డును మొదలుపెట్టే ప్రోగ్రామ్ అయిన బూట్‌లోడర్ మారాక యూఎస్‌బీ నుంచే బూట్ చేసే వీలు వచ్చింది. అప్పటి నుంచి మాది ఎస్ఎస్‌డీయే. అయితే ఎస్ఎస్‌డీని యూఎస్‌బీకి కలిపే కొన్ని సాటా అడాప్టర్లలోని చిప్‌లు యూఏఎస్ అనే వేగమైన యూఎస్‌బీ డేటా పద్ధతిలో మొరాయిస్తాయి. మేము వాడిన ఒకటి బరువైన కాపీ మధ్యలో డిస్కును వదిలేసేది. బూట్ సెట్టింగుల్లో ఆ అడాప్టర్‌కు యూఏఎస్ ఆపేస్తే వేగం కొంత తగ్గింది, తెగిపోవడం మాత్రం పూర్తిగా ఆగింది.

వేడి గురించి భయం అక్కర్లేదు. 80 డిగ్రీలు దాటితే ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది. మొత్తం అల్యూమినియంతో చేసిన కేసు పెడితే విజయవాడ మే నెలలోనూ ఫ్యాను లేకుండా నెట్టుకొస్తోంది, చప్పుడు అసలే లేదు. డిస్కుతో కలిపి సగటున 5 వాట్లు అనుకున్నా నెలకు కరెంటు ఖర్చు 4 యూనిట్ల లోపే.

బోర్డులో సొంత గడియారం లేదు, నెట్ వచ్చేదాకా సమయం సరిగా ఉండదు. చెప్పిన వేళకు పనులు చేయించే క్రాన్‌లో బ్యాకప్ పెట్టుకునేవారు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్ పెద్ద సంచిక మారినప్పుడు పాతదాని మీదే అప్‌గ్రేడ్ చేయకుండా కొత్తగా ఇన్‌స్టాల్ చేయమని తయారీదారులే చెబుతారు. సెట్టింగులన్నీ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో దాచుకుంటే అది ఒక సాయంత్రం పని.

వీడియోలను మరో ఫార్మాట్‌లోకి మారుస్తూ చూపించే పని ఉంటే దీన్ని కొనకండి, ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ తీసుకోండి. ఫొటోలు, ఫైళ్లు, ప్రకటనల వడపోత వరకైతే పై 5 దాకా వెళ్లనవసరం లేదు. 4 జీబీ పై 4 తీసుకొని, మిగిలిన డబ్బు మంచి కరెంటు అడాప్టర్ మీద, ఎస్ఎస్‌డీ మీద పెట్టండి.