బెజవాడ పటమటలో పిల్లల ఫుట్‌బాల్ క్లాసు: ఐదు స్టార్లకి నాలుగు, ఒకటి మంచినీళ్లకి కోత

నేను ఒకటో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పే టీచర్ని. ఫుట్‌బాల్ గురించి అంతంతమాత్రమే తెలుసు గానీ, ఆరేడేళ్ల పిల్లల్ని గంటసేపు ఒకచోట కూర్చోబెట్టడం ఎంత పనో బాగా తెలుసు. అందుకే మా అమ్మాయిని ఇక్కడ చేర్చేముందు కోచ్ పిల్లలతో ఎలా మసలుకుంటాడో చూశాను. కుర్రాడే, పాతికేళ్లుంటాయేమో. గొంతు మాత్రం పెంచడు.

ఇదివరకు ఊళ్లోనే ఇంకోచోట చూశాం. బోలెడంతమంది పిల్లలు, రెండే బంతులు. వంతు వచ్చేలోపు మట్టిలో బొమ్మలు గీసుకుంటూ కూర్చునేవాళ్లు. ఆలస్యంగా వస్తే గ్రౌండు చుట్టూ పరుగెత్తాలి. పరుగునే శిక్ష చేస్తే, పరుగెత్తే ఆట మీద ఇష్టం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇక్కడ ప్రతి పిల్లకీ ఒక బంతి ఇస్తారు. అదీ ఎనిమిదేళ్ల లోపు వాళ్లకి సరిపోయే మూడో నంబరుది, చుట్టుకొలత 60 సెంటీమీటర్లు అటూఇటూ. పెద్దవాళ్లు ఆడే ఐదో నంబరు బంతి 70 దాకా ఉంటుంది, ఆ బరువుకి చిన్నకాళ్లు నొప్పెడతాయి.

వార్మప్‌కి తోకలాట. రంగు బిబ్‌ని, అంటే జట్టు గుర్తుకి చొక్కా మీద తొడుక్కునే పల్చటి బనీనుని, నిక్కరు వెనక దోపుకుని, బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకుంటూ పక్కవాడి తోక లాగాలి. డ్రిబ్లింగ్ అన్న మాటే ఎత్తకుండా డ్రిబ్లింగ్ నేర్పేస్తున్నాడు! తర్వాత నలుగురికి నలుగురు చొప్పున ఆట, గోల్‌కీపర్ ఉండడు. అంత తక్కువమంది కాబట్టి బంతి అందరి కాలికీ తగులుతుంది. పదకొండు మంది జట్టయితే మా అమ్మాయి హాయిగా గాలి పీల్చుకుని ఇంటికొచ్చేది.

దానికి బిడియం ఎక్కువ. మొదట్లో బంతిని చంకలో పెట్టుకుని కంచె పక్కనే నిలబడేది. అతను చెయ్యి పట్టి లాగలేదు, అందరిచేతా చప్పట్లు కొట్టించలేదు. కోన్లు సర్దే పని అప్పజెప్పాడు. ఆ వంకతో గ్రౌండు మధ్యకి వెళ్లింది. పక్కనే గొంతుక్కూర్చుని, "ఈ రెండిటి మధ్య నుంచి బంతి పడుతుందంటావా తల్లీ?" అనడిగాడు. ఇది బొటనవేలితో పొడిచింది, పక్కకి పోయింది. పాదం లోపలివైపు వేలు పెట్టి చూపించి, "ఇక్కడ తగిలించి చూడు" అన్నాడు. పట్టింది. సూపర్ అని అరవలేదు. "చూశావా, నువ్వు పంపినచోటికే వెళ్లింది" అన్నాడంతే. బళ్లో మేం రోజంతా పంచిపెట్టే 'వెరీ గుడ్'లన్నీ దీని ముందు దిగదుడుపే. ఏం బాగా చేసిందో పిల్లకి తెలిసింది.

తల్లిదండ్రులు గీత దాటి రాకూడదు, అరవకూడదు. "కొట్టరా, కొట్టు!" అని ఊగిపోతున్న ఒకాయన్ని మెల్లగా వేపచెట్టు కిందికి సాగనంపాడు. తలతో కొట్టడం ఎప్పుడు నేర్పుతావని ఇంకొకాయన నిలదీస్తే, ఇప్పుడప్పుడే కాదండీ అన్నాడు. సరైన మాట. అమెరికాలో పదేళ్లు దాటని పిల్లలకి హెడింగ్ వద్దని 2015లోనే తేల్చారు. ఇంగ్లండ్ కూడా 2020లో ప్రైమరీ పిల్లల ప్రాక్టీసులోంచి తీసేసింది. ఇక, "ఫుట్‌బాల్ మనవాళ్లకి ఎక్కడ అబ్బుతుందండీ" అని పెదవి విరిచేవాళ్లకి ఒక్క మాట: 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టుకి స్వర్ణం తెచ్చిపెట్టిన కోచ్ రహీమ్ గారు హైదరాబాదు బడిపంతులే.

ఇప్పుడు తిట్లు. మంచినీళ్లు లేవు. బెజవాడ ఎండలో, ఆ ఉక్కపోతలో, పిల్లల సీసాలు సగం ఆటకే ఖాళీ అవుతాయి. తర్వాత గేటు బయట కిళ్లీకొట్టే గతి. ఒక వాటర్ క్యాన్ పెట్టించడానికి ఏం పోయింది? బిబ్‌లు ఉతికిన దాఖలా లేదు, తోకలాట అయ్యాక నిక్కరు కూడా అదే కంపు. వానొస్తే క్లాసు లేదన్న మెసేజ్, మనం బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక వస్తుంది.

ఫీజు నెలకి 1,500, జెర్సీ 700 వేరే. ఆర్నెల్లలో మెడల్ కావాలనుకునేవాళ్లు రావద్దు, కోచ్‌తో గొడవ తప్పదు. వచ్చే ఏడాదికీ పనికొస్తాయని ఒక సైజు పెద్ద షూ కొనకండి, లోపల పాదం జారి బొబ్బలెక్కుతాయి. సాయంత్రం బ్యాచ్ నిండిపోయింది. పొద్దున ఆరింటి బ్యాచ్‌లో ఖాళీలున్నాయి, ఎండల్లో అదే నయం కూడా.