ఆరేళ్లుగా వాడుతున్న క్యూజీఐఎస్ జియోరెఫరెన్సర్

చెరువుల సరిహద్దులు గీయడం నా పని. పాత లిస్-4 (ఇస్రో రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల కెమెరా) చిత్రాలను మ్యాపు మీద సరైన చోట కూర్చోబెట్టడానికి ఆరేళ్లుగా మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లోని జియోరెఫరెన్సరే వాడుతున్నాను. ఉచితంగా దొరుకుతుంది, రెండు రోజుల్లో చెయ్యి తిరుగుతుంది. ల్యాండ్‌శాట్, సెంటినెల్-2 చిత్రాలు చాలావరకు సరిచేసే వస్తాయి కాబట్టి వాటికి దీని అవసరం పడదు.

చిత్రంలోనూ మ్యాపులోనూ ఒకే చోటును గుర్తించి పాయింట్లు పెడితే, వాటిని బట్టి ఇది చిత్రాన్ని సరిచేస్తుంది. కొత్తవాళ్లు జాగ్రత్తపడాల్సింది ఆ పాయింట్ల దగ్గర ఇంకా మిగిలిన తేడాగా అది చూపించే ఎర్రర్ విషయంలో. మొదట్లో ఒక చెరువుకి ఆరు పాయింట్లు పెట్టి, చిత్రాన్ని వంచి సరిచేసే పాలినామియల్ 2 అనే లెక్క ఎంచుకున్నాను. ఎర్రర్ సున్నా! సంతోషంగా రోడ్ల లేయర్ వేసి చూస్తే మధ్యలో బాగానే ఉంది, అంచుల్లో రోడ్డు పొలాల్లోకి వెళ్లిపోయింది. ఆ లెక్కకి కనీసం కావలసినవే ఆరు పాయింట్లు. అన్నే ఇస్తే వాటి గుండా కచ్చితంగా వెళ్లిపోతుంది, తప్పు పెట్టిన పాయింటును కూడా ఒప్పేసుకుంటుంది. చిత్రాన్ని వంచకుండా సరిచేసే పాలినామియల్ 1కి మూడు పాయింట్లే ఇచ్చినా ఇంతే. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే ఇంకో లెక్క అయితే ఎన్ని ఇచ్చినా అన్నిటినీ కలుపుకుపోతుంది. అందుకే ఇప్పుడు ఇరవై దాకా తీసుకుంటాను, నాలుగు మూలలకూ పరిచి. వాటిలో ఐదు లెక్కలో కలపకుండా పక్కన పెట్టి, చివర్లో వాటి దగ్గర తేడా కొలుస్తాను. లిస్-4లో పిక్సెల్ 5.8 మీటర్లు, తేడా అంతలోపు ఉంటేనే గీత మొదలుపెడతాను.

పాయింట్లకి రోడ్డూ రైలుపట్టా దాటే చోటు, కాలువ మీది వంతెన, చెరువు కట్ట మలుపు బాగుంటాయి. నీటి అంచు మాత్రం వద్దు. వానాకాలంలో ఉన్నచోట ఎండాకాలంలో ఉండదు.

మైదానంలో పాలినామియల్ 1 చాలు. పాడేరు వైపు కొండల్లో మాత్రం ఈ పరికరం నాకు పనికిరాలేదు. లిస్-4 కెమెరాని 26 డిగ్రీల దాకా పక్కకి వంచి తీస్తారు, అప్పుడు ఎత్తైన చోట్లు పక్కకి జరిగి కనిపిస్తాయి. పాలినామియల్‌కి ఎత్తు సంగతే తెలియదు. చిత్రంతో వచ్చే ఆర్‌పీసీ ఫైలు (కెమెరా చూపును నేల మీది చోట్లతో కలిపే లెక్కలు), ఎత్తుల డేటా కలిపి జీడాల్‌వార్ప్ అనే పరికరంతో ఆర్థో చేసుకోవాల్సిందే, అంటే ఎత్తు వల్ల వచ్చిన జరుగుడు తీసేయాల్సిందే.

తర్వాత పంటల వర్గీకరణ చేసేవాళ్లు సరిచేసిన చిత్రంలో పిక్సెళ్లు నింపే పద్ధతిగా నియరెస్ట్ నైబర్ పెట్టండి, పిక్సెల్ విలువలు మారవు. పాయింట్ల ఫైలు తప్పకుండా సేవ్ చేసుకోండి. రెండేళ్ల తర్వాత ఒక చెరువు కొలత మీద ప్రశ్న వచ్చినప్పుడు, పాత పాయింట్లు తెరిచి ఒక్క పూటలో మళ్లీ చేసి చూపించగలిగాను.