ఆరేళ్లు వాడిన ఎలక్ట్రిక్ గిటార్: బెజవాడలో అమ్మితే ఎంత పెట్టొచ్చు?

వాడింది ఇండోనేషియాలో తయారైన స్ట్రాట్ తరహా గిటార్, అంటే అమెరికా కంపెనీ ఫెండర్ స్ట్రాటోకాస్టర్ నమూనాలోది. ఆల్డర్ బాడీ, నాలుగు స్క్రూలతో బిగించిన మేపుల్ నెక్, రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు, దాని మీద అడ్డంగా 22 లోహపు కమ్మీలు, అంటే ఫ్రెట్లు. స్ట్రింగ్స్ కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్‌లు మూడు: బ్రిడ్జి దగ్గర హమ్ తగ్గించే జంట కాయిల్ హంబకర్, మిగతా రెండూ సింగిల్ కాయిల్స్. ఆరేళ్లు, రోజుకు సుమారు గంట, 9–42 సైజు సన్న స్ట్రింగ్స్‌తో. పలుకు విషయంలో వంక పెట్టేదేమీ లేదు. ఇక్కడ చూసేది ఆరేళ్ల అరుగుదల తర్వాత దాని వెల మాత్రమే.

చాలామంది పాత బిల్లు తీసి ఏడాదికి ఇంత అని కోసుకుంటూ వస్తారు. గిటార్ బండి కాదు, ఆ లెక్క కుదరదు. అదే మోడల్ ఈరోజు షాపులో ఎంతకి వస్తోందో అక్కడి నుంచి మొదలుపెట్టాలి. కొత్తది 30,000 అనుకుందాం. అన్నీ సరిగా ఉన్న వాడిన గిటార్‌కి నేను అందులో 60 శాతం కడతాను, అంటే 18,000. అందులోంచి, కొన్నవాడు దాన్ని వాయించే స్థితికి తెచ్చుకోవడానికి పెట్టాల్సిన ఖర్చు తీసేయాలి. గీతలు, బెల్టు బకిల్ మచ్చలు ఈ లెక్కలోకి దాదాపు రావు. ఫ్రెట్లు మాత్రం తప్పకుండా వస్తాయి.

ఫ్రెట్లు అరిగేది ముఖ్యంగా మొదటి మూడింటిలో, అన్నిటికన్నా సన్నవైన బి, హై ఈ స్ట్రింగ్స్ కింద. ఓపెన్ కార్డ్స్ ఎక్కువగా పట్టేది అక్కడే. కొత్త మీడియం జంబో ఫ్రెట్ ఎత్తు 1.2 మి.మీ.కి అటూ ఇటూ ఉంటుంది. ఈ గిటార్‌లో గాడి పడిన చోట 0.95 మిగిలింది. అంటే ఒకసారి లెవెల్ చేసి, గుండ్రంగా దిద్ది, పాలిష్ పెట్టొచ్చు. 0.8 కిందికి దిగితే లెవెలింగ్‌తో పని జరగదు, ఫ్రెట్లు మార్చాల్సిందే. ఆ పని తెలిసిన చెయ్యి ఊళ్లో దొరక్క హైదరాబాద్‌కో చెన్నైకో పంపాల్సి వస్తే రానుపోను పార్సిల్ ఖర్చు కూడా కలుస్తుంది. అప్పుడు ఈ ధర గిటార్‌కి మిగిలేది బాడీ, పార్టుల విలువే.

నెక్ చూడటానికి ఆటోనగర్‌లో మెకానిక్‌లు వాల్వ్ క్లియరెన్స్‌కి వాడే ఫీలర్ గేజ్ చాలు. మొదటి ఫ్రెట్‌కి కేపో (స్ట్రింగ్స్‌ని నొక్కిపెట్టే క్లిప్) పెట్టి, నెక్ బాడీతో కలిసే చోట అన్నిటికన్నా లావైన లో ఈ స్ట్రింగ్‌ని నొక్కి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్‌కీ ఫ్రెట్‌కీ మధ్య సందు కొలవాలి. 0.2 నుంచి 0.25 మి.మీ. ఉంటే బాగున్నట్టు. 0.5 దాటితే ట్రస్ రాడ్‌ని (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీని) ఒక్కోసారి పావు చుట్టు బిగించి, మళ్లీ శ్రుతి చేసి కొలవాలి. రాడ్ అప్పటికే చివరిదాకా బిగించి ఉండి కూడా నెక్ వంగే ఉంటే ఆ గిటార్‌కి బేరం ఆడకండి, వదిలేయండి. మే ఎండలో కారు డిక్కీలో పెట్టి తిప్పిన గిటార్‌ల విషయంలో ఈ అనుమానం ఎప్పుడూ ఉండాలి.

పికప్‌ల పరీక్షకి మల్టీమీటర్, ఒక కేబుల్ చాలు. కేబుల్ గిటార్‌కి గుచ్చి, వాల్యూమ్ నిండుగా తిప్పి, రెండో కొస ప్లగ్ మీద టిప్‌కీ (మొనకీ) స్లీవ్‌కీ (మొదలు భాగానికీ) మధ్య ఓమ్స్ చూడాలి. సింగిల్ కాయిల్‌కి 5–7 కిలో ఓమ్స్, హంబకర్‌కి 7–9 లేదా ఇంకాస్త ఎక్కువ వస్తాయి. మీటర్ 250 లేదా 500 కిలో ఓమ్స్ దగ్గర నిలిస్తే కాయిల్ తెగినట్టే, కనిపిస్తున్నది వాల్యూమ్ పాట్ (నాబ్ కింద తిరిగే రెసిస్టర్) విలువ. పికప్ స్విచ్ రెండు, నాలుగు స్థానాల్లో అంకె సుమారు సగానికి పడితే కంగారు అక్కర్లేదు, అక్కడ రెండు పికప్‌లు సమాంతరంగా (ప్యారలల్‌గా) కలిసి పనిచేస్తాయి. పాట్ తిప్పినప్పుడు వచ్చే గరగర కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. దానికి ధర తగ్గించమంటే ఒప్పుకోకండి. ఇక్కడ జాక్ వదులైంది, ఒక పాట్ క్లీనర్‌కీ లొంగలేదు: 600.

ఇక చెమట. మన ఉక్కపోతకి ముందు బలయ్యేది బ్రిడ్జి శాడిల్స్ (స్ట్రింగ్స్ ఆనుకునే చిన్న దిమ్మలు) స్క్రూలు. తుప్పు పట్టి బిగుసుకుంటే రాత్రి ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, పొద్దున తిప్పాలి. ఆసియా తయారీ వాటికి సాధారణంగా 1.5 మి.మీ. అలెన్ కీ, అమెరికా ఫెండర్‌లకి 0.050 అంగుళాలది. ఒకదాని బదులు ఇంకోటి పెడితే తల అరిగిపోతుంది. ఇక్కడ మూడు శాడిల్స్ మార్చాలి, 1,500. ఫింగర్‌బోర్డుకి కొబ్బరినూనె పట్టించే అలవాటు కొందరికి ఉంది. దయచేసి వద్దు, జిడ్డుకి దుమ్ము అంటుకుని ఫ్రెట్ల అంచుల్లో నల్లగా గట్టిపడుతుంది.

లెవెలింగ్‌కి 2,500 వేసుకుంటే 18,000లోంచి మొత్తం 4,600 పోతుంది. మిగిలింది 13,400. చెప్పడం 15,000, ఇవ్వడం 13,000 దాకా. కొత్త స్ట్రింగ్స్ వేసి, ఇంటొనేషన్ (ఏ ఫ్రెట్ దగ్గరైనా శ్రుతి కుదరడం) సరిచేసి చూపించాలి. దానికయ్యే అయిదారు వందలు బేరంలో తిరిగొస్తాయి. మధ్యలో మార్చిన ఖరీదైన పికప్‌ల డబ్బు మాత్రం రాదు. పాతవి తిరిగి బిగించి, కొత్తవాటిని విడిగా అమ్ముకోవాలి. ట్రెమొలో బార్ (బ్రిడ్జిని ఊపే పిడి), వెనక ప్లేటు, అలెన్ కీలు దాచి ఉంచితే కొనేవాడికి నమ్మకం కుదురుతుంది.

కొనేవైపు ఉన్నవాళ్లకి ఒక మాట. హెడ్‌స్టాక్ (నెక్ చివర, స్ట్రింగ్స్ బిగించే భాగం) మీద ఫెండర్ అని ఉండి ధర మరీ తక్కువైతే సీరియల్ నంబరు చూడండి. ఐసీఎస్‌తో మొదలైతే అది ఇండోనేషియాలో తయారైన స్క్వయర్, అంటే ఫెండర్ వాళ్లదే చవక బ్రాండ్. పక్కనున్న రెండంకెలు సంవత్సరం. మెక్సికో ఫెండర్‌ల మీద ఈమధ్య ఎంఎక్స్ ఉంటుంది. స్టిక్కర్ మార్చడం పది నిమిషాల పని.

కాలం కూడా ధరే. ఏప్రిల్, మే నెలల్లో ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది పిల్లలు గదులు ఖాళీ చేస్తూ వచ్చినకాడికి అమ్మేస్తారు. కొనడానికి అదే అదను. అమ్మడానికైతే అక్టోబరు, నవంబరు నయం. క్రిస్మస్ ముందు గుంటూరు, బెజవాడ చర్చిల వర్షిప్ టీమ్‌లు వాయిద్యాల కోసం చూస్తుంటాయి. వాళ్లు హమ్ లేని గిటార్ అడుగుతారు కాబట్టి సింగిల్ కాయిల్స్ మాత్రమే ఉన్నదాని కన్నా ఇలా హంబకర్ ఉన్నది త్వరగా పోతుంది. మే నెలలో 10,000 అడిగినవాడికి ఇచ్చేయకుండా అప్పటిదాకా ఆగొచ్చు. ఆగేటప్పుడు స్ట్రింగ్స్ పూర్తిగా వదులు చేయకండి, శ్రుతిలోనే ఉంచి, గోడకి కాక కేసులో పెట్టండి.