ఫిల్టర్ మంచిదే, బిగించినాయన వాదనే నిలవలేదు

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఒక షాపులో మూడు నెలల కింద ఆర్‌ఓ ఫిల్టర్ తీసుకున్నాం. మాది బోరు నీళ్లు, అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఇక ఫ్లోరైడ్ అంటే ఎంత టెన్షనో ఈ జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు.

బిగించడానికి వచ్చినాయన టీడీఎస్ మీటర్ ముంచితే బోరు నీళ్లలో 940, ఫిల్టర్ నీళ్లలో 70. "చూసిండ్రా సార్, ఫ్లోరైడ్ పోయినట్టే" అన్నాడు. ఆ మీటర్ కరిగిన లవణాలన్నీ కలిపి అంచనా వేస్తుంది కానీ ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు కదా అంటే, "మీ గల్లీల ఎనిమిది ఇండ్లకు పెట్టిన, ఒక్కరన్నా కంప్లైంట్ ఇచ్చిండ్రా?" అని నన్నే అడిగాడు. ఫ్లోరోసిస్ ఏళ్ల మీద బయటపడే జబ్బు, అప్పుడే కంప్లైంట్ ఎవరిస్తారు!

మన పాత తర్కశాస్త్రమైన న్యాయ దర్శనంలో కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉందంటారు. పొగ హేతువు, అంటే ఆధారం, సరే, కానీ అది పొగేనా, పొగమంచా? అది తేలకపోతే హేతువే అసిద్ధం, అంటే రుజువు కానిది, అన్నారు నైయాయికులు, ఆ తర్కం చెప్పినవాళ్లు. ఆర్‌ఓ మెంబ్రేన్, అదే ఫిల్టర్ లోపలి పొర, ఫ్లోరైడ్‌ను ఆపుతుంది, నిజమే, మంచి హేతువే. మా గోడకు బిగించిన ఈ మెంబ్రేన్ ఆపుతోందా అన్నదానికి రుజువు మాత్రం ఈ నీళ్లలోనే దొరకాలి.

ల్యాబ్‌కు పంపిస్తే ఫ్లోరైడ్ బోరు నీళ్లలో లీటరుకు 2.3 మిల్లీగ్రాములు, ఫిల్టర్ నీళ్లలో 0.3. అంటే ఆయన చెప్పింది నిజమే, చూపించిందే వేరే. మెషీన్‌కు నాలుగు స్టార్లు, ఒకటి కోశాను, వృథా నీళ్లు బకెట్లకు బకెట్లు పోతున్నాయి, అమ్మ వాటితోనే బోళ్లు తోముతోంది.