పిల్లల్ని చేర్పించవచ్చా? మా హైస్కూలు ఎకో క్లబ్ గురించి ఒక తల్లి మాట

తెనాలిలో మేముండే పేట మున్సిపల్ హైస్కూల్లో మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. ఆరో తరగతిలోనే ఎకో క్లబ్‌లో, అంటే పిల్లల పర్యావరణ సంఘంలో చేరింది. నేను ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు, పంజాబీ డ్రస్సులు కుడతాను. క్లబ్ పిల్లలకు గుడ్డ సంచుల పనిలో సాయం చేస్తున్నాను కాబట్టి లోపలి సంగతులు కూడా తెలుసు. జూన్‌లో బడి తెరవగానే కొత్త పేర్లు రాసుకుంటారు. చదువు పాడవుతుందేమోనని, పిల్లల చేత చీపురు పట్టిస్తారేమోనని వెనకాడే తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. నా లెక్కలో ఈ క్లబ్‌కు అయిదుకు నాలుగు మార్కులు. ఒక మార్కు ఎందుకు తగ్గిందో కూడా చెబుతాను.

ముందుగా సంచుల పని, ఎందుకంటే క్లబ్ చేసిన వాటిలో ఇదే గట్టిగా నిలబడింది. 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పలచని ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా కూరగాయల బండి దగ్గరికి వెళితే పలచటి కవరే చేతికొస్తోంది. బట్టల దుకాణాల్లో ఇచ్చే సంచులు గుడ్డలా కనిపిస్తాయి కానీ వాటిలో చాలావరకు పాలీప్రొపిలీన్, అంటే అదీ ప్లాస్టిక్కే. పిల్లలకు ఈ తేడా చూపించమని సైన్సు మాస్టారు నన్ను బడికి పిలిచారు. మా పనిలో గుడ్డను పరీక్షించే పద్ధతినే అక్కడ చేసి చూపించాను. అంచు నుంచి ఒక పోగు లాగి నిప్పు అంటిస్తే నూలు కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. ఆ దుకాణపు సంచికైతే లాగడానికి పోగే ఉండదు, ఎందుకంటే అది నేసింది కాదు. పిల్లలు ఆ వారమంతా ఇంట్లో ఉన్న ప్రతి సంచినీ పెద్దవాళ్ల ఎదుట కూర్చుని పరీక్షించారని తల్లులు చెప్పారు.

సంచులు కుట్టడం మొదట్లో సరిగా సాగలేదు. పాత నూలు చీరలు, ప్యాంటు గుడ్డలు ఇళ్ల నుంచి తెచ్చారు. గుడ్డను ఏటవాలుగా కత్తిరించడంతో సంచులు సాగి వేలాడాయి. రెండు కిలోల ఉల్లిపాయలు పోస్తే పట్టీలు ఊడిపోయాయి. పట్టీని సంచి లోపలికి నాలుగు వేళ్ల మేర దింపి, చుట్టూ చతురస్రంగా కుట్టి, మధ్యలో అడ్డంగా గుణకారం గుర్తు వేస్తే బరువు ఆగుతుంది. అది నేర్చుకున్నాక ఇప్పుడు మా సంచిలో అయిదు కిలోల బియ్యం నిశ్చింతగా మోయవచ్చు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మొదట్లో కుట్టు ఆడపిల్లలకు, మోతలు మగపిల్లలకు అని పంచారు. అలా కుదరదని, అందరూ మిషను ఎక్కాలని నేను గట్టిగానే చెప్పాను. మాస్టారు ఒప్పుకున్నారు. ఇప్పుడు తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు మా అమ్మాయి కంటే తిన్నగా కుట్టు వేస్తాడు.

ఆ సంచులను రైతు బజారు గేటు దగ్గర బల్ల వేసి ఇస్తారు. ఊరికే ఇవ్వరు. పది రూపాయలు కట్టి తీసుకోవాలి, తిరిగి తెచ్చిస్తే పది రూపాయలు వెనక్కి ఇస్తారు. ఉచితంగా ఇచ్చిన సంచి ఇంట్లో మూలన పడుతుందని, డబ్బు కట్టిన సంచి మళ్లీ బజారుకు వస్తుందని పిల్లలే ఆలోచించి పెట్టిన పద్ధతి ఇది. "బాబాయ్ గారూ, కవరు అడగకండి, సంచి తీసుకెళ్లండి" అని ఎనిమిదో తరగతి పిల్ల అంటే పెద్దవాళ్లు ఆగుతున్నారు. చేపల దగ్గర మాత్రం గుడ్డ సంచి పనికిరాదు. అక్కడికి మూత ఉన్న స్టీలు గిన్నె తెచ్చుకోమని చెబుతున్నారు. ఇంకా చాలామంది తేవడం లేదు.

రెండోది కాలువ పని. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే కాలువలు మా ఊరి మధ్యగా సముద్రం వైపు పోతాయని అందరికీ తెలుసు. వేసవిలో నీళ్లు ఆపేశాక అడుగున ఏముందో కూడా అందరూ చూస్తారు, ముక్కు మూసుకుని వంతెన దాటుతారు. క్లబ్ పిల్లలు ఒంటిపూట బడుల రోజుల్లో కాలువలో ఒక ముక్క ఎంచుకుని, అక్కడ దొరికిన చెత్తను రకాల వారీగా లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాశారు. షాంపూ పొట్లాలు, గుట్కా పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు, ఫ్లెక్సీ ముక్కలు. అన్నిటికంటే ఎక్కువ దొరికినవి టిఫిన్ దుకాణాల్లో చట్నీ కట్టి ఇచ్చే చిన్న కవర్లు. పాల కవర్లు తక్కువ, వాటిని పాత సామాన్లవాళ్లు కొంటారు కాబట్టి. అంటే ధర ఉన్న ప్లాస్టిక్ కాలువ దాకా రావడం లేదు. ఇది ఏ పాఠం చదివితే తెలుస్తుంది?

ఆ పుస్తకం పట్టుకుని పిల్లలు మా పేటలో టిఫిన్ దుకాణాలకు వెళ్లారు. ఇద్దరు ముగ్గురు వినిపించుకోలేదు. ఒకాయన మాత్రం గిన్నె తెచ్చుకున్నవాళ్లకు గరిటెడు చట్నీ ఎక్కువ వేస్తానని రాసిపెట్టారు, ఇప్పటికీ వేస్తున్నారు.

అయితే మొదటిసారి పిల్లలను చేతి తొడుగులు లేకుండా కాలువలోకి దింపారు. ఒక పిల్లవాడికి అరికాలిలో గాజు గుచ్చుకుంది. తల్లిదండ్రులం వెళ్లి గట్టిగా అడిగాక తొడుగులు, బూట్లు కొన్నారు. ఏడో తరగతి లోపు పిల్లలను ఇప్పుడు గట్టు మీదే ఉంచి లెక్కలు రాయిస్తున్నారు. సూదులు, సీసాలు కనిపిస్తే ముట్టుకోకుండా మున్సిపాలిటీ సిబ్బందిని పిలుస్తున్నారు. మీ బడిలోనూ క్లబ్ ఉంటే మొదట అడగవలసింది ఈ సంగతే.

మిగతావి క్లుప్తంగా. వినాయక చవితికి మట్టి విగ్రహాలు చేయడం నేర్పుతారు, బాగానే నేర్పుతారు. జనవరిలో గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి తీసుకెళ్లారు. చెరువులో చెట్ల మీద పెలికాన్లు, రంగు కొంగలు గూళ్లు కట్టుకుని ఉండటం, ఊరివాళ్లు వాటిని సొంత పిల్లల్లా కాపాడటం చూసి మా అమ్మాయి తిరుగు ప్రయాణంలో బస్సంతా ఆ కబుర్లే చెప్పిందట.

తగ్గిన ఆ ఒక్క మార్కు మొక్కల దగ్గర. వానాకాలంలో కాలువ గట్టున కానుగ, నేరేడు, వేప నాటారు. ఎంపిక మంచిదే, అందరూ పెడుతున్నారు కదా అని కోనోకార్పస్ అనే విదేశీ మొక్క జోలికి పోలేదు. కానీ వేసవి సెలవులకు బడి మూసేశాక నీళ్లు పోసే దిక్కు లేదు. సరిగ్గా అప్పుడే కాలువలోనూ నీళ్లుండవు. జూన్‌లో వచ్చి చూస్తే సగానికి పైగా ఎండిపోయి కనిపించాయి. నాటిన రోజు ఫొటోలు పైఅధికారులకు వెళ్లాయి, ఎండిన సంగతి ఎవరూ అడగలేదు. పోయిన ఏడాది నుంచి పద్ధతి మార్చారు. నీళ్లు పోస్తామని ఒప్పుకున్న ఇంటి ముందే నాటుతున్నారు, ఆ ఇంటివాళ్ల పేరు రిజిస్టరులో రాస్తున్నారు. సంఖ్య తగ్గింది, బతికేవి పెరిగాయి. గట్టు మీది మొక్కలకు మాత్రం ఇంకా దారి దొరకలేదు. ఇంకొకటి, జూన్ 5న పర్యావరణ దినోత్సవానికి ఫ్లెక్సీ కట్టేవారు. అది పీవీసీ అనే ప్లాస్టిక్, అదే ఫ్లెక్సీ ముక్కలు కాలువలో మా పిల్లలే ఏరారు. తేదీ లేకుండా గుడ్డ బ్యానరు ఒకటి కుట్టి ఇచ్చాను, ఇప్పుడు ఏటా దాన్నే కడుతున్నారు.

చదువు సంగతి. పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. కేంద్రం జాతీయ హరిత దళం పేరుతో ఈ క్లబ్బులను 2001–02లో మొదలుపెట్టింది. కాబట్టి ఇది ఎవరో సరదాకు పెట్టినది కాదు. పని శనివారం మధ్యాహ్నాల్లో ఉంటుంది, పరీక్షల నెలలో ఆపేస్తారు. చెత్త లెక్కలతో మా అమ్మాయి శాతాలు, బార్ గ్రాఫులు నేర్చుకుంది, లెక్కల్లో మార్కులు తగ్గలేదు.

డబ్బు విషయంలో నాకు నమ్మకం ఉంది. బడులకు నిధులిచ్చే ప్రభుత్వ పథకం సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ ఉన్నత పాఠశాల క్లబ్బుకు ఏడాదికి 25,000 రూపాయల వరకు ఇచ్చే వీలుంది. వచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత అన్నది నోటీసు బోర్డు మీద అంటిస్తారు. సంచుల డిపాజిట్ లెక్క పిల్లలే రాస్తారు. పిల్లల దగ్గర రుసుము తీసుకోరు, తల్లిదండ్రుల అంగీకార పత్రం మాత్రం అడుగుతారు. ఆ పత్రంలో కాలువ పనికి, బయటి ప్రయాణాలకు వేర్వేరుగా సంతకం పెట్టే చోటుంది. ఒకదానికి ఒప్పుకుని రెండోది వద్దనవచ్చు.

ఈ వేసవికి గట్టు మొక్కల కోసం వంతులవారీగా బిందెడు నీళ్లు పోయగలిగిన ఇళ్లు కావాలి, గట్టుకు దగ్గరగా ఉన్నవాళ్లయితే మరీ మంచిది. పాత నూలు చీరలుంటే ఉతికి బడిలో ఇవ్వండి. జరీ అంచు ఉన్నవి వద్దు, సూది విరుగుతోంది.