మొహర్లీలో రెండు పిల్స్‌నర్ సీసాలు

మంచిర్యాల నుంచి మా బల్లార్షాకు రైల్లో ఎంతో దూరం కాదు. అయినా బావా నేనూ కలిసి తాడోబా పులుల అడవికి పోదామని ఏళ్లుగా అనుకోవడమే. మొన్న నవంబరు చివర్లో కుదిరింది. మొహర్లీ గేటు దగ్గర ఒక చిన్న రిసార్టులో ఒక రాత్రి ఉన్నాం.

గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, దోమతెర లేదు. తెల్లారి అడవిలో తిప్పే జిప్సీ బండి చెప్పిన టైముకే వచ్చింది. పులి కనబడలేదు గానీ, నీటిగుంట పక్కన రేచుకుక్కల గుంపును పావుగంట సేపు కళ్లారా చూశాం. మంగళవారం అడవికి సెలవు, రోజు చూసుకుని వెళ్లండి.

నేను రాయాలనుకున్నది మాత్రం ముందురోజు రాత్రి సంగతి. మెనూలో పుణె వైపు చిన్న బ్రూవరీవాళ్ల పిల్స్‌నర్ అనే లేతరంగు బీరు కనబడింది. మా చంద్రపూర్ జిల్లాలో 2015 నుంచి 2021 దాకా మద్యనిషేధం. పక్క గడ్చిరోలిలో 1993 నుంచీ ఉంది. ఇలాంటి చోట క్రాఫ్ట్ బీరు దొరకడమే నాకు సంబరం.

కుర్రాడు కౌంటరు వెనక షెల్ఫు మీది సీసా తీసి, మంచుబకెట్లో కాసేపు పెట్టి తెచ్చాడు. బావ ఒక గుక్క తాగి, "ఇదేందిరా, మీ పేపర్ మిల్లు గోదాము వాసనొస్తుంది" అన్నాడు. నిజమే, అచ్చం తడిసిన అట్టపెట్టె వాసన. తేదీ చూస్తే మార్చిలో నింపింది. అంటే మే ఎండలన్నీ ఆ షెల్ఫు మీదే కాచిందన్నమాట. బీరు పాతబడితే, అదీ వేడిలో ఉంటే, వచ్చేది ఈ వాసనే. అందులోనూ పిల్స్‌నర్‌కు దాచుకునే చోటు లేదు. 1842లో ఇప్పటి చెక్ దేశంలోని పిల్జెన్‌లో యోసెఫ్ గ్రోల్ మొదట కాచినప్పటి నుంచీ అందులో ఉండేది లేతరంగు మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), మెత్తటి నీళ్లు, చేదూ వాసనా ఇచ్చే సాజ్ హాప్స్ పూలు, చల్లటి చోట వారాల తరబడి నిదానంగా పనిచేసే ఈస్టు, అంతే. ఏ చిన్న తేడా వచ్చినా నాలుకకు తెలిసిపోతుంది.

నెమ్మదిగా చెబితే కుర్రాడు విన్నాడు. నాగపూర్ నుంచి ఆ వారమే వచ్చిన పెట్టెలోంచి ఇంకో సీసా తీసి, ఫ్రిజ్‌లో చల్లబరిచి తెచ్చాడు. మంచు పేరుకున్న గ్లాసు వద్దని, మామూలు గ్లాసు నీళ్లతో తొలిచి ఇమ్మన్నాను. మరీ చల్లనైతే వాసన పైకి రాదు.

ఇది వేరే బీరు! లేత బంగారు రంగు, రెండు వేళ్ల మందాన తెల్లటి నురగ. తాగుతుంటే గ్లాసు గోడకు నురగ వలయాలుగా అంటుకుంటూ దిగింది. ముందు ఎండుగడ్డి, కాస్త పూలవాసన, ఆనక అప్పుడే కాల్చిన రొట్టె తీపి. చివర్లో చేదు గొంతు దాకా వచ్చి, పొడిగా తెగిపోయింది. నాగపూర్ వైపు సావజీ కోడికూర కారానికి ఆ చేదు బాగా కుదిరింది. జొన్నరొట్టె ముక్కకో గుక్క చొప్పున తాగాం. "కల్లు లెక్కనేరా ఇది, పొద్దుగాల దించింది పొద్దుగాలనే తాగాలె" అన్నాడు బావ. నాకు అంతకన్నా మంచి మాట తోచలేదు.

గదికి ఐదుకు మూడు, కూరకు నాలుగు, రెండో సీసాకు నాలుగున్నర. మొదటిదానికి సున్నా. మీరు వెళ్తే షెల్ఫు మీదిది తీసుకోకండి, పెట్టెలోది అడిగి, తేదీ చూసి మూత తీయించుకోండి.