కొరియా కత్తి, యూరప్ కత్తి: ఏది ముందు పట్టాలి?

వెదురు కత్తులతో చేసే కొరియా కత్తిసాము కుమ్‌దోను నాలుగేళ్లు చేశాక, మొదటిసారి స్టీలు లాంగ్‌స్వోర్డ్, అంటే రెండు చేతులతో పట్టే పాతకాలపు యూరప్ కత్తి, పట్టుకుని బరిలోకి దిగాను. మొదటి దెబ్బ నాదే, ఎదుటివాడి తల మీద శుభ్రంగా పడింది. అలవాటు కొద్దీ గట్టిగా అరుస్తూ అతని పక్కనుంచి ముందుకు దూసుకుపోయాను. అంతలోనే నా వీపు మీద ఇంకో దెబ్బ పడింది. కుమ్‌దోలో అయితే పాయింటు నాది. లాంగ్‌స్వోర్డ్ పోటీలు చాలావాటిలో దెబ్బ తిన్నవాడు వెంటనే తిరిగి కొట్టినా లెక్కే. దాన్ని ఆఫ్టర్‌బ్లో అంటారు. తల మీద దెబ్బ తిన్నా చెయ్యి ఇంకా కదలొచ్చు కాబట్టి, కొట్టినవాడు తనను కాపాడుకుంటూ బయటికి రావాలన్నది అక్కడి లెక్క.

రెండూ నేర్చుకోవాలనుకునేవాళ్లు ఏది ముందని అడుగుతుంటారు. నా జవాబు: ముందు కుమ్‌దో, కనీసం రెండేళ్లు. తర్వాత లాంగ్‌స్వోర్డ్. రెండూ ఒకే వారంలో మొదలుపెట్టొద్దు. కారణం కాళ్లలో ఉంది. కుమ్‌దోలో కుడికాలు ఎప్పుడూ ముందే ఉంటుంది, ఎడమకాలు వెనకనుంచి తోస్తుంది. లాంగ్‌స్వోర్డ్‌లో మామూలు నడకలాగే కాలు మార్చి కాలు వేస్తూ, కుడివైపు నుంచి కొట్టే దెబ్బతో కుడికాలు కూడా ముందుకు వస్తుంది. రెండూ ఒకేసారి మొదలుపెట్టినవాడికి ఒత్తిడిలో ఏ కాలు వేయాలో తోచదు. ఒకటి ఒంటికి పట్టాక రెండోది నేర్చుకుంటే అంత గందరగోళం ఉండదు. కర్రసాము చేసినవాళ్లకు మాత్రం రెండు కాళ్లూ, రెండు పక్కలూ ముందే అలవాటు కాబట్టి, వాళ్లు నేరుగా లాంగ్‌స్వోర్డ్‌తో మొదలుపెట్టినా ఇబ్బంది ఉండదనుకుంటాను.

కుమ్‌దో జపాన్ కెండో నుంచి వచ్చిందే, ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ కొరియావాళ్లు దాన్ని తమదిగా చేసుకున్నారు. 2006లో తైపేలో జరిగిన ప్రపంచ కెండో పోటీల్లో పురుషుల జట్టు టైటిల్ కొరియాదే. ఇందులో దొరికే గొప్ప సంపద దూరం మీద అంచనా. ఎదుటివాడు నిజంగా ఎదిరిస్తుంటే తల, మణికట్టు, నడుము, గొంతు అనే నాలుగు చోట్ల మీదే వేల దెబ్బలు సాధన చేస్తారు. ఒక్క క్షణం సందు దొరికితే వెనకాడకుండా వెళ్లే ధైర్యం అక్కడ వస్తుంది. లాంగ్‌స్వోర్డ్ క్లబ్బుల్లో మొదటి ఏడాది చాలామందికి ఇదే తక్కువ. పేర్లు, భంగిమలు బాగా తెలుస్తాయి, కొట్టాల్సినప్పుడు మాత్రం చెయ్యి లేవదు.

అయితే కత్తీ కత్తీ కలిశాక ఏం చెయ్యాలో కుమ్‌దో కొంతవరకే చెబుతుంది. మొనతో మొనను పక్కకు నెట్టి మధ్యగీతను దక్కించుకునే పోరు అందులో చాలా సూక్ష్మంగా ఉంటుంది. కానీ కుమ్‌దోలో వాడే వెదురు కత్తులు, జుక్దోలు, గట్టిగా ఢీకొన్నాక సాధారణంగా విడిపోతాయి, లేదా పిడుల దగ్గర తోపులాట అవుతుంది. జర్మనీలో లిష్టెనావర్ అనే మధ్యయుగపు కత్తి గురువు పేరుతో నడిచిన లాంగ్‌స్వోర్డ్ సంప్రదాయానికి అసలు పాఠం సరిగ్గా అక్కడ మొదలవుతుంది. కత్తులు తాకిన చోట ఎదుటివాడి ఒత్తిడి గట్టిగా ఉందా, మెత్తగా ఉందా అన్నది చేతికి తెలియాలి. గట్టిగా ఉంటే తప్పుకుని వేరే వైపు వెళ్లాలి, మెత్తగా ఉంటే అక్కడే కత్తిని తిప్పి పొడవాలి. రెండంచుల కత్తి కాబట్టి వెనక అంచుతోనూ కొట్టొచ్చు. ఇటలీ గురువు ఫియోరే 1410 ప్రాంతంలో రాయించిన చేతిప్రతుల్లో కత్తి పట్టుకునే కుస్తీ కూడా చూపించాడు. కుమ్‌దో మనిషికి ఇదంతా కొత్త లోకం. నాకు ఈ స్పర్శ అర్థం కావడానికి ఏడాది పట్టింది, ఆ ఏడాది నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికంటే విలువైనది.

ఇంకో కొరియా కత్తివిద్య హేదోంగ్ గుమ్‌దో సంగతి వేరు. అందులో ముందే కూర్చిన కదలికల వరుసలు, లోతైన భంగిమలు, తడి గడ్డిచాపల్నీ వెదుర్నీ నరకడం ముఖ్యం. కత్తి అంచు వాలు సరిగ్గా రావాలంటే ఇంతకంటే మంచి బడి నాకు కనబడలేదు. కానీ స్వేచ్ఛగా పోరాడే అలవాటు తక్కువ, కాబట్టి నేరుగా లాంగ్‌స్వోర్డ్ బరిలోకి వస్తే తడబాటు తప్పదు. వేల ఏళ్ల విద్య అని చెప్పినా ఆ కారణంతో చేరకండి, ఈ రూపం గట్టిపడింది 1980లలో. పతకాలే కావాలంటే దారి ఆధునిక ఫెన్సింగ్. ఫెన్సింగ్‌లో ఒక రకం కత్తి అయిన సేబర్ పురుషుల జట్టు విభాగంలో కొరియా 2012, 2020, 2024 ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు గెలిచింది.

నాకు మరింత ఇష్టమైన కలయిక ఇంకోటి ఉంది. 1790లో జోసన్ (అప్పటి కొరియా రాజ్యం) రాజు జోంగ్‌జో ఆజ్ఞతో యీ దొక్‌ము, పాక్ జెగా, బేక్ దోంగ్‌సు కలిసి ముయెదోబోతోంగ్‌జి అనే యుద్ధవిద్యల పుస్తకం కూర్చారు. అందులో 24 యుద్ధవిద్యల బొమ్మలు, వివరాలు ఉన్నాయి. వాటిలో యెదో అనే కత్తివిద్యలోని పెద్ద భాగం జోసన్ సెబప్ అనే కత్తి భంగిమల పద్ధతి. చైనాలో మావో యువాన్‌యీ 1621లో తన గ్రంథంలో దాన్ని జోసన్ నుంచి దొరికిందని చేర్చాడు, అక్కడినుంచి అది మళ్లీ కొరియా పుస్తకంలోకి వచ్చింది. చిక్కు ఏమిటంటే బొమ్మ భంగిమనే చూపిస్తుంది, రెండు భంగిమల మధ్య జరిగేది చూపించదు. ఫియోరే బొమ్మలదీ ఇదే ఇబ్బంది. పాత యూరప్ కత్తివిద్యలు నేర్చుకునేవాళ్లు దానికి ఒక పద్ధతి అలవాటు చేసుకున్నారు: చదవడం, చేసి చూడడం, ఎదిరించే మనిషి మీద పరీక్షించడం, పని చెయ్యకపోతే తమ వ్యాఖ్యానాన్నే మార్చుకోవడం. ఆ పద్ధతిని జోసన్ సెబప్ మీద పెట్టి చూడాలి. కుమ్‌దో కాళ్లు, లాంగ్‌స్వోర్డ్ స్పర్శ రెండూ ఉన్నవాళ్లు దానికి సరిగ్గా సరిపోతారు.

ఇక సామాన్ల విషయంలో రాజీ వద్దు. పెద్దల జుక్దో బరువు అరకిలోకి అటూ ఇటూగా ఉంటుంది. సాధన లాంగ్‌స్వోర్డ్ కిలోన్నర దాకా ఉంటుంది. కుమ్‌దో మాస్కు తాళ్లతో కట్టేది, వెనక తల ఖాళీగా ఉంటుంది. కుమ్‌దో చేతితొడుగులు స్టీలు దెబ్బకు వేళ్లను కాపాడవు. మణికట్టు బరువుకు అలవాటుపడేదాకా మొదటి నెలలు నెమ్మదిగా సాధన చేయండి. ఫెన్సింగ్ జాకెట్ అప్పు తెచ్చుకున్నా ఫరవాలేదు, స్టీలు పట్టే ముందు గట్టి చేతితొడుగులు మాత్రం సొంతంగా కొనుక్కోండి.